ఖాళీని కూడా పేర్చాలి: చేత్తో అచ్చేసే పత్రిక అట్ట వెనక లెక్కలు

కంప్యూటర్‌లో రెండు మాటల మధ్య ఖాళీ కావాలంటే స్పేస్ బార్ మీద బొటనవేలు తగిలితే చాలు. సీసపు అక్షరాలతో కంపోజ్ చేసేవాళ్లకు ఆ వెసులుబాటు లేదు. అక్కడ ఖాళీ అంటే ఒక లోహపు ముక్క. దానికి బరువుంది, కొలత ఉంది, కేసులో, అంటే అక్షరాల పెట్టెలో, దానికంటూ ఒక గది ఉంది. వాడుతూ పోతే అయిపోతుంది కూడా. స్క్రీన్ ప్రింటింగ్ సంగతీ దాదాపు అంతే. రంగు పడాల్సిన చోటును వదిలేసి, పడకూడని చోటునంతా పనిగట్టుకుని మూసేయాలి. పత్రిక పేరునూ వివరాలనూ లెటర్‌ప్రెస్‌లో, బొమ్మనూ రంగులనూ స్క్రీన్‌తో వేసి అట్టను చేత్తో తయారుచేసేవాళ్ల పనిని దగ్గర్నుంచి గమనిస్తే ఒక విషయం తెలుస్తుంది. వాళ్ల సమయంలో పెద్ద వాటా కాగితం మీద కనిపించని భాగానికే పోతుంది. అట్ట బాగా వస్తుందా, చెడుతుందా అన్నది కూడా చాలావరకు అక్కడే తేలిపోతుంది.

ఎవరి పని ఏది

ఒక్క అట్టకు రెండు పద్ధతులు ఎందుకు? ఏదో ఒకదానితో సరిపెట్టుకోవచ్చు కదా? పెట్టుకోవచ్చు. కానీ రెండింటి బలహీనతలూ ఒకదానికొకటి సరిగ్గా ఎదురుగా ఉంటాయి.

లెటర్‌ప్రెస్‌లో ఉబ్బెత్తుగా ఉన్న అక్షరం ముఖానికి ఇంకు అంటుతుంది, ఆ ముఖం కాగితానికి ఒత్తుకుంటుంది. కాలితో తొక్కే ట్రెడిల్ మెషిన్ ఇవ్వగలిగే బలం ఇంతే అని ఉంటుంది. ఆ బలం ఎంత మేర తగిలితే అంత మేరకూ పంచుకుపోతుంది. నాలుగు వరసల చిన్న అక్షరాల ముఖాలన్నీ కలిపినా కొన్ని చదరపు సెంటీమీటర్లకు మించవు. ఒక్కో అక్షరానికి గట్టి ఒత్తిడే అందుతుంది, అచ్చు పదునుగా పడుతుంది. అదే మెషిన్ మీద 15 సెం.మీ. వెడల్పు, 21 సెం.మీ. ఎత్తున్న అట్ట నిండా ఒకే రంగు వేయబోతే, అదే బలం 315 చదరపు సెంటీమీటర్లకు చాలాలి. చాలదు. రోలర్లు కూడా అంత ఇంకును ఒక్క విడతలో మోసుకురాలేవు. చివరికి రంగు మీద ఉప్పు చల్లినట్టు తెల్లటి చుక్కలు మిగులుతాయి.

స్క్రీన్‌కు ఈ బెడద లేదు. రబ్బరు పట్టీని లాగుతున్నప్పుడు ఏ క్షణంలోనైనా ఒత్తిడి ఒక సన్నటి గీత మీదే ఉంటుంది. ఆ గీత అట్ట ఈ చివర నుంచి ఆ చివరకు ప్రయాణిస్తుంది, అంతే. ఎంత పెద్ద రంగుపలకైనా గీత గీతగానే పడుతుంది కాబట్టి బలం చాలకపోవడం అనే మాట రాదు. పైగా ఇంకు పొర మందంగా పడుతుంది. ముదురు కాగితం మీద తెల్లరంగు వేయాలంటే లెటర్‌ప్రెస్ ఇంకు పల్చబడి బూడిదరంగుగా మిగిలిపోతుంది, స్క్రీన్ ఇంకు కప్పేస్తుంది.

మరి స్క్రీన్ ఎక్కడ ఓడిపోతుంది? సన్నటి వివరాల దగ్గర. కాగితం మీద ముద్రణకు మామూలుగా వాడే మెష్‌లలో (ఇంకు దిగే నేతగుడ్డల్లో) ఒకదానికి సెంటీమీటరుకు 120 దారాలుంటాయి. అంటే దారం నుంచి దారానికి దూరం 83 మైక్రాన్లు (మిల్లీమీటరులో వెయ్యో వంతు ఒక మైక్రాన్). దారం మందమే 34 మైక్రాన్లు అనుకుంటే, ఇంకు దిగడానికి మిగిలే కన్నం 50 మైక్రాన్ల లోపే. అక్షరంలోని సన్నగీత ఏ రెండు దారాల మీదో వాలిందంటే అది తెగిపోతుంది, లేదా అంచు రంపపు పళ్లలా వస్తుంది. 8 పాయింట్ల అక్షరాలతో సంచిక నెల, సంవత్సరం వేయడానికి స్క్రీన్ సరైన సాధనం కాదు. సీసానికి అది చిటికెలో పని.

అందుకే పెద్ద రంగుపలకలు, బొమ్మ స్క్రీన్‌కూ, పేరు, తేదీ, లోపలి శీర్షికలు సీసానికీ పోతాయి. పేరు మరీ పెద్ద సైజులో కావాలనుకుంటే సీసం బదులు చెక్క అక్షరాలు వాడతారు. పెద్ద సీసపు అక్షరం బరువు, ఖర్చు, పోత పోసేటప్పుడు అది చల్లారే తీరు, అన్నీ ఇబ్బందే. న్యూయార్క్‌లో డేరియస్ వెల్స్ 1827 ప్రాంతంలో చెక్కను తొలిచే రౌటర్‌తో పెద్ద అక్షరాలు తయారుచేయడం మొదలుపెట్టాక పోస్టర్ల రూపమే మారిపోయింది. మేపుల్ చెక్కను అడ్డంగా కోసిన తలంలో, అంటే మొద్దు నరికితే వలయాలు కనిపించే వైపున, ఈ అక్షరాలు చెక్కుతారు. ఆ వైపు చెక్క ఒత్తిడికి గట్టిగా నిలబడుతుంది. వీటి సైజును 'లైన్ల'లో చెబుతారు. ఒక లైన్ అంటే 12 పాయింట్లు. 20 లైన్ల అక్షరం అంటే దాదాపు 8.4 సెం.మీ. ఎత్తు.

స్టిక్‌లో ఒక వరస

పత్రిక పేరు 36 పాయింట్ల సీసపు అక్షరాలతో కంపోజ్ చేస్తున్నారనుకుందాం. స్టిక్‌ను, అంటే అక్షరాలు పేర్చే చిన్న లోహపు పళ్లేన్ని, 24 పైకాల వెడల్పుకు బిగించారు. పైకా అంటే 12 పాయింట్లు, సుమారు 4.2 మి.మీ. కాబట్టి వరస పొడవు 10 సెం.మీ. పైచిలుకు. ఎడమ చేతిలో స్టిక్, కుడి చేత్తో కేసులోంచి ఒక్కో అక్షరం. కాగితం మీద సరిగ్గా పడాలంటే లోహం మీద అక్షరం అద్దంలో చూసినట్టు ఉండాలి. అలాంటి అక్షరాలను తలకిందులుగా, ఎడమ నుంచి కుడికి పేర్చుకుంటూ పోతారు. కొత్తగా నేర్చుకునేవాళ్లు మొదటి వారం తలను ఒకవైపు వంచేసి చదవబోతారు. అలవాటయ్యాక తలకిందులు అక్షరమే మామూలుగా కనిపిస్తుంది.

ప్రతి అక్షరం ఒంటి మీద ఒక పక్కన చిన్న గాడి ఉంటుంది. పేర్చేటప్పుడు గాడి పైకి ఉండాలి. వరస పూర్తయ్యాక గాడులన్నీ ఒకే గీతలో కనిపించాయంటే అక్షరాలన్నీ సరైన వైపు నిలబడ్డట్టే. వేరే ఫాంటు అక్షరం పొరపాటున దూరితే దాని గాడి పైకో కిందికో జరిగి కనిపించి, ప్రూఫ్ (నమూనా అచ్చు) దాకా పోకముందే పట్టిస్తుంది. కళ్లకే కాదు, వేలికొసకు కూడా తెలుస్తుంది.

అక్షరాలు పేర్చడం నిజానికి త్వరగానే అయిపోతుంది. అసలు పని ఆ తర్వాత మొదలవుతుంది. పేరు వరసకు మధ్యలో రావాలంటే అటూ ఇటూ మిగిలిన జాగాను నింపాలి. నిలువూ అడ్డమూ సమానంగా ఉండేది ఎమ్ క్వాడ్. 36 పాయింట్ల ఫాంటులో అది 36 పాయింట్ల చదరం. దాని వెడల్పులో మూడో వంతు, నాలుగో వంతు, అయిదో వంతు ఉండే స్పేసులు వేరుగా ఉంటాయి. వాటికీ లొంగని ఇరుకు మిగిలితే ఒక పాయింటు మందం ఇత్తడి రేకు, అర పాయింటు రాగి రేకు. అర పాయింటు అంటే మిల్లీమీటరులో ఆరో వంతుకు కాస్త ఎక్కువ. ఈ ముక్కలన్నీ అక్షరం కన్నా పొట్టివి. అక్షరం ఎత్తు అమెరికా, బ్రిటన్ కొలతలో 0.918 అంగుళం, అంటే 23.3 మి.మీ. ఖాళీ ముక్కల ఎత్తు 19 మి.మీ. దరిదాపుల్లో ఆగిపోతుంది కాబట్టి రోలర్ వాటిని తాకదు, ఇంకు అంటదు. (యూరప్‌లో చాలా చోట్ల అక్షరం ఎత్తు మరో పావు మిల్లీమీటరు ఎక్కువ. రెండు రకాలూ ఒకే ఫారంలో, అంటే ఒకే బిగింపులో, కలిస్తే పొడుగుది కాగితాన్ని చించేస్తుంది, పొట్టిది అసలు పడదు.)

చివరి రేకు దూర్చేటప్పుడు ఒక కొలత ఉంటుంది, అది పుస్తకాల్లో దొరకదు. వేలితో నెడితే లోపలికి వెళ్లాలి, కానీ కాస్త బెట్టు చేస్తూ వెళ్లాలి. ఆ తర్వాత స్టిక్‌ను మెల్లగా ముందుకు వంచి చూస్తారు. వరస తనంతట తాను నిలబడితే సరిపోయినట్టు. ముందుకు వాలిపోతే వదులుగా ఉన్నట్టు. మరీ బిగిస్తే వరస స్టిక్‌లోంచి బయటికే రాదు, పైగా పక్క వరస వదులైపోతుంది. అన్ని వరసలూ ఒకే బిగువులో లేకపోతే తర్వాత ఫ్రేములో ఎంత బిగించినా గట్టి వరసలే బలమంతా మోస్తాయి, వదులు వరసల్లోంచి అక్షరాలు జారిపోతాయి.

లోహపు అక్షరాల విషయంలో కంప్యూటర్ తరానికి వింతగా అనిపించే పరిమితి ఇంకొకటుంది. అక్షరాల మధ్య ఖాళీని చేర్చవచ్చు గానీ, లోహాన్ని కోస్తే తప్ప తగ్గించడం కుదరదు. ఇంగ్లిష్ పెద్దబడిలో 'ఏ' పక్కన 'వి' వస్తే రెండు వాలుగీతల మధ్య పెద్ద లోయ ఏర్పడుతుంది. రెండూ దీర్ఘచతురస్రపు దిమ్మల మీద ఉన్నాయి, దిమ్మలు ఒకదానిలోకి ఒకటి దూరవు. కాబట్టి పేరులో అన్నిటికన్నా వెడల్పుగా కనిపించే సందు ఏదో చూసుకుని, మిగతా అక్షరాల మధ్య రేకులు వేసి దానికి సమానంగా కనిపించేలా సర్దుతారు. గుర్తించాల్సింది ఏమిటంటే, ఇక్కడ కొలబద్ద పనికిరాదు. రెండు నిలువుగీతల మధ్య రెండు పాయింట్ల సందు, రెండు గుండ్రటి అక్షరాల మధ్య రెండు పాయింట్ల సందు కంటికి ఒకేలా ఉండవు. పాత లోహపు శీర్షికలు కొంచెం విడివిడిగా, తీరుబడిగా కనిపించడానికి అభిరుచి ఒక్కటే కారణం కాదు, ఈ తప్పనిసరి సర్దుబాటు కూడా ఒక కారణం.

తెలుగు లాంటి లిపిలో లెక్క ఇంకా పెరుగుతుంది. గుణింతాలు, ఒత్తులు, సంయుక్తాక్షరాలు అన్నీ కలిపి కేసులో గదులు వందల్లోకి వెళ్తాయి. ఒత్తు కిందికి దిగుతుంది కాబట్టి కింది వరస పైకి రాలేదు. వరసల మధ్య సీసపు పట్టీల మందాన్ని ఆ ఒక్క ఒత్తును చూసుకుని నిర్ణయించాలి. పేరులో ఒకే ఒక్క ఒత్తు ఉన్నా మొత్తం అట్ట ఎత్తు పంపకం మారిపోతుంది.

పేరు ప్రతి సంచికకూ అదే కాబట్టి ఒకసారి సరిగ్గా సర్దిన వరసను విప్పకుండా దారంతో కట్టి పక్కన పెట్టుకుంటారు. తేదీ, సంచిక సంఖ్య మాత్రం మారుస్తారు. దీనికీ ఒక నష్టం ఉంది. ఆ అక్షరాలు వేరే పనికి దొరకవు.

బిగించడం, సర్దడం

వరసలన్నీ గ్యాలీ అనే పళ్లెంలోంచి రాతి బల్ల మీదికి, అక్కడ ఛేజ్ అనే ఇనుప ఫ్రేములోకి వస్తాయి. చుట్టూ మిగిలిన జాగాను 'ఫర్నిచర్' అనే చెక్క దిమ్మలతో నింపి, క్వాయిన్లనే బిగింపు చీలలతో బిగిస్తారు. ఇక్కడ కూడా అంతా ఖాళీలతోనే పని. అట్ట మీద పేరుకు నాలుగు వైపులా ఎంత తెల్లజాగా కనిపిస్తుందో, అంత జాగానూ ఎవరో ఒకరు చెక్క ముక్కలు ఏరి పేర్చారన్నమాట. బిగించాక ఫ్రేము ఒక మూలను కాస్త పైకెత్తి, అక్షరాలను వేళ్లతో నొక్కి చూస్తారు. ఒక్కటి కదిలినా మెషిన్ ఎక్కించరు.

మొదటి ప్రూఫ్ ఎప్పుడూ నిరాశే. పాత అక్షరాలు అరిగి పొట్టివై ఉంటాయి, చెక్క అక్షరం తేమకు కాస్త ఉబ్బి ఉంటుంది. ఒక అక్షరం నల్లగా, పక్కది వెలిసిపోయినట్టు పడుతుంది. మొత్తం ఒత్తిడి పెంచితే బలహీనమైనది సరిపోతుంది గానీ బలమైనది కాగితంలోకి గుచ్చుకుపోతుంది. అందుకని పల్చటి కాగితపు ముక్కలను ఆ ఒక్క అక్షరం ఆకారంలో చించి, కాగితం వెనక ఉండే ప్యాకింగ్‌లో సరిగ్గా దాని స్థానంలో అతికిస్తారు. దీన్నే మేక్‌రెడీ అంటారు. ముక్క అంచును కత్తిరించకుండా చించడంలో ఒక కారణముంది. కత్తిరించిన అంచు మెట్టులా ఉండి అచ్చులో గీతగా కనిపిస్తుంది, చించిన అంచు మెల్లగా పల్చబడుతూ కలిసిపోతుంది. ఒక్క అట్టకు ఈ సర్దుబాటు గంటల తరబడి పట్టడం మామూలే. అచ్చు మాత్రం ఆ తర్వాత చకచకా సాగిపోతుంది.

ఈ సందర్భంలో ఒక భ్రమ గురించి చెప్పుకోవాలి. వేలితో తడిమితే తగిలేంత లోతుగా అక్షరం దిగడమే లెటర్‌ప్రెస్ గొప్పతనం అని ఇప్పుడు చాలామంది అనుకుంటారు. శుభలేఖల దగ్గర్నుంచి విజిటింగ్ కార్డుల దాకా అదే అమ్ముడుపోతోంది. వృత్తిగా అచ్చుపని చేసిన తరాలకు అది తప్పు కింద లెక్క. అక్షరం కాగితాన్ని ముద్దాడినట్టు తాకి వెనక్కి రావాలి, వెనక పేజీలో గుంత కనిపించకూడదు. రెండు వైపులా అచ్చేసే పుస్తకంలో గుంత పడితే చదవడం కష్టం, పైగా అక్షరాలు తొందరగా అరిగిపోతాయి. అట్ట మందంగా ఉంటుంది, లోపలి వైపు ఖాళీగా ఉంచే వీలూ ఉంటుంది. కాబట్టి కాస్త లోతు ఇవ్వడం తప్పేమీ కాదు. కానీ అరుదైన పాత అక్షరాలను మెత్తటి కాగితంలోకి బలంగా దించడం మాత్రం, అందం కోసమే అయినా, ఆస్తిని కరగదీసుకోవడమే. లోతు కావాలనుకునేవాళ్లు ఫోటోపాలిమర్ ప్లేటు (కాంతితో గట్టిపరిచిన ప్లాస్టిక్ అచ్చుపలక) వాడుకోవడం మంచిది. అరిగితే ఇంకోటి చేయించుకోవచ్చు.

సీసంతో జాగ్రత్త గురించి కూడా ఒక మాట. అక్షరాల లోహంలో సీసంతో పాటు గట్టిదనానికి యాంటిమనీ, కరిగినప్పుడు బాగా పారడానికి తగరం కలుపుతారు. ముట్టుకుంటే ప్రమాదం కాదు, నోట్లోకి పోతే ప్రమాదం. తినే ముందు చేతులు కడుక్కోవాలి. పాత కేసుల్లో అక్షరాల మీద తెల్లటి పొడి కనిపిస్తే దాన్ని ఊదకూడదు, దులపకూడదు.

మెష్ మీద మూయడం, తెరవడం

చట్రానికి బిగించిన నేతగుడ్డ మీద ఇంకు పోసి లాగితే కింద అంతటా రంగు పడుతుంది. పడకూడని చోట కన్నాలు మూసేస్తే అది బొమ్మ అవుతుంది. మాంచెస్టర్‌కు చెందిన శామ్యూల్ సైమన్ 1907లో ఈ తరహా పద్ధతికి పేటెంట్ తీసుకున్నాడు. తూర్పు ఆసియా స్టెన్సిల్ కళ అంతకు శతాబ్దాల ముందు నుంచే ఉంది. అప్పట్లో గుడ్డ పట్టుది కాబట్టి 'సిల్క్ స్క్రీన్' అనే పేరు నిలిచిపోయింది. ఇప్పుడు వాడేది పాలియెస్టర్.

మూయడానికి ఎమల్షన్ అనే, కాంతికి గట్టిపడే పూత వాడతారు. చీకటిగా ఉండే గదిలో మెష్‌కు రెండు వైపులా పల్చగా పూసి ఆరబెడతారు. దాని మీద నల్లటి బొమ్మ ఉన్న ఫిల్మ్ పెట్టి అతినీలలోహిత కాంతి చూపిస్తారు. కాంతి తగిలిన చోట ఎమల్షన్ గట్టిపడుతుంది. నలుపు నీడలో ఉన్న చోట మెత్తగానే ఉండి, నీళ్లతో కడిగితే పోతుంది. ఎన్ని నిమిషాలు కాంతి చూపాలన్నది దీపాన్ని బట్టి, దూరాన్ని బట్టి, ఎమల్షన్ మందాన్ని బట్టి మారుతుంది. ఒకే స్క్రీన్ మీద అట్టముక్కను కొంచెం కొంచెంగా జరుపుతూ వేర్వేరు సమయాలు చూపించి పరీక్షించుకోవడం తప్ప దగ్గరిదారి లేదు. తక్కువైతే గట్టిపడాల్సిన చోటు కూడా కడుగులో జారిపోతుంది. ఎక్కువైతే కాంతి పక్కలకు పాకి సన్నగీతలు పూడిపోతాయి.

ఫోటోపాలిమర్ ప్లేటు వెనక ఉన్న రసాయన సూత్రమూ ఇదే. కాంతికి గట్టిపడటం, నీళ్లకు కరిగిపోవడం. కానీ ఫలితం మాత్రం తలకిందులు. ప్లేటులో గట్టిపడిన భాగం ఉబ్బెత్తుగా నిలిచి అచ్చు పడుతుంది. స్క్రీన్‌లో గట్టిపడిన భాగం అచ్చును ఆపుతుంది. కాబట్టి ప్లేటుకు నెగెటివ్ ఫిల్మ్, స్క్రీన్‌కు పాజిటివ్ ఫిల్మ్ కావాలి. ఒకే అట్టకు రెండూ చేసేవాళ్లు కనీసం ఒక్కసారైనా ఫిల్మ్ తారుమారు చేసి ఉంటారు.

ఇక లాగడం. మెష్‌లో మంచి టెన్షన్ ఉండాలి (మనుషుల టెన్షన్‌లా కాదు, దీన్ని కొలిచే మీటరుంది, లెక్క సెంటీమీటరుకు ఇన్ని న్యూటన్లని). మెష్ కాగితానికి ఆనకూడదు, రెండు మూడు మిల్లీమీటర్లు పైన తేలుతూ ఉండాలి. ముందు స్క్వీజీతో, అంటే రబ్బరు పట్టీతో, తేలిగ్గా ఇంకును మెష్ నిండా పరుస్తారు, కాగితం మీద ఇంకా ఏమీ పడదు. తర్వాత స్క్వీజీని నిటారుకు కాస్త వాల్చి, ఒకే వేగంతో, ఒకే బలంతో తమ వైపుకు లాగుతారు. పట్టీ దాటిపోయిన వెంటనే మెష్ చిన్న చప్పుడుతో కాగితాన్ని వదిలి పైకి లేస్తుంది. ఆ చప్పుడు వినగానే లాగేవాళ్లకు తెలిసిపోతుంది సరిగ్గా పడిందని. టెన్షన్ తగ్గిన స్క్రీన్ వదలకుండా కాసేపు అతుక్కుని, అంచుల్ని మసకగా చేస్తుంది.

నీటి ఇంకులైతే ఇంకో పరుగు పందెం ఉంది. కాగితం మీద ఇంకు తొందరగా ఆరాలి, మెష్‌లో ఆరకూడదు. మధ్యలో ఫోన్ మాట్లాడి వస్తే సన్నటి భాగాల్లో కన్నాలు పూడిపోయి ఉంటాయి. ఆగాల్సి వస్తే ఇంకు పరిచి ఆగాలి, మెష్‌ను ఒట్టిగా వదలకూడదు.

కలిపే చోట

ముందు ఏది వేయాలి? ఎక్కువమంది స్క్రీన్ ముందు, సీసం తర్వాత అంటారు. దానికి బలమైన కారణమే ఉంది. సీసం ముందు వేస్తే కాగితం మీద చిన్న చిన్న గుంతలు పడతాయి. వాటి మీదుగా స్క్రీన్ రంగు లాగితే మెష్ గుంత పైనుంచి వంతెనలా దాటిపోతుంది, అడుగున ఇంకు అందదు. స్క్రీన్ రంగు ముందు వేసేస్తే ఆ మెత్తటి పొర మీద అక్షరం చక్కగా దిగుతుంది. అయితే దీనికో మూల్యం ఉంది. లెటర్‌ప్రెస్ ఇంకు మామూలుగా నూనె ఇంకు. కాగితం కొంత పీల్చుకుంటుంది కాబట్టి కాస్త త్వరగా పట్టు దొరుకుతుంది. కింద స్క్రీన్ ఇంకు వేసిన యాక్రిలిక్ (ప్లాస్టిక్ లాంటి) పొర ఉంటే పీల్చుకునేది ఏమీ ఉండదు, గాలి తగిలి గట్టిపడేదాకా ఆగాలి. తొందరపడి అట్టలను దొంతరగా పేరిస్తే పై అట్ట వెనక కింది అట్ట పేరు అద్దంలో బొమ్మలా అంటుకుంటుంది.

రంగు మీద రంగు సరిగ్గా కూర్చోవడం, అంటే రిజిస్ట్రేషన్, మొదలయ్యేది కాగితం అంచు దగ్గర. ప్రతి కాగితాన్నీ మూడు ఆనుల దగ్గర ఆనిస్తారు: పొడుగు అంచుకు రెండు, పొట్టి అంచుకు ఒకటి. మూడే ఎందుకంటే, రెండు బిందువులు ఒక గీతను నిర్ణయిస్తాయి, మూడోది ఆ గీత మీద స్థానాన్ని నిర్ణయిస్తుంది. నాలుగోది పెడితే అన్నిటికీ ఒకేసారి ఆనదు. కీలకం ఏమిటంటే స్క్రీన్ బల్ల మీద ఏ రెండు అంచులు ఆనించారో ట్రెడిల్ మీద కూడా అవే అంచులు ఆనించాలి. ఎంత బాగా కోసిన కాగితాల కట్టలోనైనా అన్నీ సరిగ్గా ఒకే కొలతలో ఉండవు. ఒక దాంట్లో కుడి అంచు, ఇంకో దాంట్లో ఎడమ అంచు పట్టుకుంటే కోతలోని తేడా అంతా అట్ట మీదికి దిగుతుంది. అంచుల మీద పెన్సిల్‌తో చిన్న గుర్తు పెట్టుకునే అలవాటు ఇందుకే.

కాగితం కూడా స్థిరంగా ఉండదు. తేమ పీల్చితే సాగుతుంది, అదీ నారల పొడవునా తక్కువ, అడ్డంగా ఎక్కువ. 300 మి.మీ. వెడల్పున్న షీట్ వెయ్యింట ఒక వంతు సాగినా 0.3 మి.మీ. తేడా వస్తుంది. సన్నటి తెల్లగీత కనిపించడానికి అది చాలు. రంగుకు రంగు అంచుల్లో అర మిల్లీమీటరు ఒకదాని మీద ఒకటి ఎక్కేలా డిజైన్‌లోనే ఏర్పాటు చేసుకోవడం, అన్ని రంగులూ దగ్గర దగ్గర రోజుల్లో ఒకే గదిలో వేయడం దీనికి విరుగుడు. అంతకన్నా మంచి విరుగుడు ఇంకొకటుంది. అసలు అంచుకు అంచు కచ్చితంగా తగలాల్సిన అవసరమే లేకుండా బొమ్మ గీయడం. పసుపు మీద నీలం పారదర్శకంగా పడితే ఆకుపచ్చ ఉచితంగా దొరుకుతుంది. రెండు స్క్రీన్లతో మూడు రంగులు. చేతి అచ్చు తెలిసిన డిజైనర్‌కూ, కంప్యూటర్ తెరమీద చూసి గీసిన డిజైనర్‌కూ తేడా ఇక్కడే బయటపడుతుంది.

నారల దిశ ఇంకో చోట కూడా అడ్డొస్తుంది. అట్ట మడత నారల వెంట ఉండాలి. నారలకు అడ్డంగా మడిస్తే కాగితం పగులుతుంది. మడత మీద మందమైన స్క్రీన్ ఇంకు ఉందంటే ఆ పగులు తెల్లటి గీతగా బయటపడుతుంది. ముందే మడత గాడి నొక్కించుకోవాలి. లోపల 64 పేజీలుంటే 32 కాగితాలు, ఒక్కోటి 0.1 మి.మీ. అయితే వెన్ను 3.2 మి.మీ. ఆ జాగాలో బొమ్మ లేకుండా వదిలేయగలిగితే సగం తలనొప్పి తగ్గుతుంది.

లెక్క వేసుకోవాల్సింది ఇంకొకటి, వృథా. 200 అట్టలు కావాలి, రెండు స్క్రీన్ రంగులు, ఒక సీసం విడత అనుకుందాం. విడతకు 5 శాతం చెడిపోతాయనుకుంటే, 240 కాగితాలతో మొదలుపెడితే చివరికి 205 మిగులుతాయి. 210తో మొదలుపెడితే 180. చివరి విడతలో చెడిన అట్ట మీద ముందు రెండు విడతల పనీ పోతుంది కాబట్టి, ఆఖరున వేసే సీసం అన్నిటికన్నా ఖరీదైన తప్పులు చేస్తుంది. ప్రతి విడతలోనూ మొదటి పది పదిహేను అచ్చులు పాత రద్దు షీట్ల మీద వేసుకుని, ఇంకు కుదిరాకే మంచి కాగితం పెడతారు.

అన్నీ కుదిరాక, మెషిన్ ఒక లయలో పడ్డాక కూడా ఒక సంగతి జరుగుతుంటుంది. 140వ అట్ట దగ్గర పేరులోని రెండు మాటల మధ్య, ఏమీ ఉండకూడని చోట, ఒక చిన్న నల్లటి దీర్ఘచతురస్రం ప్రత్యక్షమవుతుంది. మొదట మచ్చ అనుకుంటారు. తర్వాతి అట్టలో అది ఇంకాస్త నల్లగా ఉంటుంది. అది స్పేసు. ఏదో ఒక వరస బిగువు తక్కువైంది. ప్రతి ఒత్తుకూ ఆ వరస వెంట్రుకవాసి ఊగింది, ఊగిన ప్రతిసారీ ఆ పొట్టి ముక్క కొంచెం కొంచెంగా పైకి పాకింది, చివరికి అక్షరాల ఎత్తుకు చేరి ఇంకు అందుకుంది. స్క్రీన్ మీద దీని తోబుట్టువు సూదిమొన కన్నం. మూసిన ఎమల్షన్‌లో ఎక్కడో దుమ్మురేణువు దగ్గర చుక్కంత తెరుచుకుని, తెల్లజాగాలో రంగు చుక్క వేస్తుంది. దానికి కింది వైపు టేపు ముక్క అతికిస్తే సరిపోతుంది. సీసానికి అలా కుదరదు. మెషిన్ ఆపి, ఫ్రేము దించి, బిగింపు వదిలి, స్పేసును కిందికి నొక్కి, ఆ వరసలో అర పాయింటు రాగి రేకు ఒకటి చేర్చి, మళ్లీ బిగించాలి. ఆ తర్వాత దొంతరలో వెనక్కి వెళ్తూ ఒక్కో అట్టా వెలుతురులో తిప్పి చూడాలి, ఆ నలుపు ఏ అట్ట దగ్గర మొదలైందో దొరికేదాకా.